అమ్మ తల మీది చొక్కా

నేను కొరికిన మాట నిజమే. కాని ఆ చెయ్యి నా నోటి దగ్గరికి తెచ్చింది ఆ పిల్లే. "మీ అమ్మ ఊళ్ళోవాళ్ళ మురికి బట్టలన్నీ వాసన చూస్తుందట కదా, ఇది కూడా చూడు" అంటూ తన మోచెయ్యి నా ముక్కు ముందు ఆడించింది. మాలాంటి వాళ్ళతో మాట్లాడటానికి బడికి వారానికోసారి ఒక మేడం వస్తుంది. కోపం వస్తే పది లెక్కపెట్టమని ఆవిడే చెప్పింది. లెక్కపెట్టాను. పది అయిపోయాక ఏం చెయ్యాలో ఆవిడ చెప్పలేదు. అందుకని కొరికాను.

"పదిహేనేళ్ళ పిల్ల కొరకడమేమిటమ్మా? పాలపళ్ళు ఇంకా ఊడలేదా?" అని హెడ్మాస్టరు అమ్మని అడిగాడు. నాకు నవ్వొచ్చింది. నవ్వినందుకు శిక్ష పెంచి, వారమంతా బడికి రావద్దన్నాడు. అమ్మ మాత్రం చేతులు కట్టుకుని, "క్షమించండి సార్. పెరిగిందే కాని బుద్ధి రాలేదు" అంది. ఆ మాట మా అమ్మకి కొట్టిన పిండి. బస్సులో, మేడమెట్ల మీద, పక్కింటివాళ్ళ గుమ్మంలో, నేను ఎక్కడ ఏం చేసినా వెనకాలే వచ్చి ఆ మాట అనేసి వెళ్తుంది. నాకు దాన్ని వింటేనే ఒళ్ళు మంట.

నన్ను ఇంట్లో ఒంటరిగా వదిలితే ఏమవుతుందో అమ్మకి తెలుసు. కిందటిసారి పక్కింటి పిల్లికి గొడుగు కట్టి మేడ మీది నుంచి దింపాను. పిల్లి బాగానే దిగింది, గొడుగే విరిగింది. అయినా అందరూ పిల్లి గురించే అరిచారు. అందుకని మర్నాడు పొద్దున్నే అమ్మ నన్ను తనతోపాటు పనికి లాక్కెళ్ళింది.

అమ్మ పనిచేసేది వీధి మలుపులో ఉన్న లాండ్రీలో. ముందు కౌంటరు, మధ్యలో రెండు ఇస్త్రీ బల్లలు, వెనక గదిలో గుడగుడమంటూ తిరిగే మిషన్లు. కౌంటరుకీ బల్లలకీ మధ్య గోడ లేదు, నడుమెత్తు చెక్క అడ్డం ఉంది అంతే. బట్టలివ్వడానికి వచ్చినవాళ్ళకి లోపల ఎవరేం చేస్తున్నారో అంతా కనిపిస్తుంది. ఒక బల్ల అమ్మది. రెండోది పెద్దమ్మది. పెద్దమ్మ అంటే మాకు చుట్టమేమీ కాదు, అక్కడ అందరికీ ఆవిడ పెద్దమ్మే.

"ఇక్కడ కూర్చో. కదిలావంటే కాళ్ళు విరగ్గొడతా" అని అమ్మ నన్ను బట్టల బుట్ట పక్కన కూలేసింది. అమ్మ ఇంతవరకూ ఎవరి కాళ్ళూ విరగ్గొట్టలేదు కాబట్టి కదిలాను. కదిలి తన బల్ల దగ్గరికి వెళ్ళి తలెత్తి చూశాను.

గోడకి మేకు. మేకుకి హ్యాంగరు. హ్యాంగరుకి మగవాళ్ళ తెల్ల చొక్కా, వీపు ఇటు తిప్పి వేలాడుతోంది. వీపు నడిమధ్యన ఇస్త్రీ పెట్టె అచ్చు, ముదురు గోధుమరంగులో. అమ్మ నిలబడితే ఆ మచ్చ సరిగ్గా అమ్మ నెత్తి మీదికి వస్తోంది.

"ఇదెందుకు ఇక్కడ?" అన్నాను.

అమ్మ వినిపించుకోలేదు. దుప్పటి మీద నీళ్ళు చిలకరించి, అంచులు లాగి సరిచేసింది. జవాబు కౌంటరు దగ్గర్నుంచి వచ్చింది.

"మంచి ప్రశ్న వేశావు పాపా" అన్నాడు యజమాని. ఆయన గొంతు ఎప్పుడూ లేవదు. పసిపిల్లని నిద్రపుచ్చుతున్నట్టు మాట్లాడతాడు. అలాంటివాళ్ళని తేనె పూసిన కత్తి అంటారని తర్వాత పెద్దమ్మ చెప్పింది. "నేను పనివాళ్ళని తిట్టను. జీతం కొయ్యను. అదంతా పాతకాలం. ఇక్కడ ఒకటే రూలు. ఎవరి బల్ల మీద బట్ట కాలితే ఆ బట్ట వాళ్ళ తల మీద. అది దిగాలంటే ఇంకొకటి ఎక్కాలి. అంతవరకూ వాళ్ళకి దుప్పట్లూ తువ్వాళ్ళే, మంచి బట్ట ముట్టుకోకూడదు. చూశావా, ఒక్క మాట అనక్కర్లేకుండా ఎంత జాగ్రత్త వస్తుందో!"

"అమ్మ కాల్చదు" అన్నాను.

"నోరు మూసుకుని వెళ్ళి కూర్చో" అంది అమ్మ.

అమ్మ చెయ్యి నాకు తెలుసు. సన్న కుచ్చుల పావడా ఇచ్చినా ఏ కుచ్చు దారి దానిదే అన్నట్టు నిలబెడుతుంది. చొక్కా అయితే ముందు కాలరు, కొనల నుంచి మధ్యకి. తర్వాత భుజాలు, చేతి పట్టీలు, చేతులు, చివరికి ఒళ్ళు. పట్టుబట్ట మీద పల్చటి తడిగుడ్డ పరిచి గాని పెట్టె ఆనించదు. అలాంటి మనిషి పొద్దుటి నుంచీ హోటలు దుప్పట్లు రుద్దుతోంది. మంచి బట్టలన్నీ పెద్దమ్మ బల్ల మీద గుట్టపడ్డాయి. యజమాని టీ తాగడానికి బయటికి వెళ్ళిన ప్రతిసారీ అమ్మ గబుక్కున అటు వెళ్ళి, పెద్దమ్మ చేసిన కాలర్లు ఇంకోసారి సరిదిద్ది వచ్చేస్తోంది. ఎందుకో నాకు అర్థం కాలేదు. చొక్కా ఎలా దింపాలా అని ఆలోచించడంతోనే నాకు సరిపోయింది.

రెండో రోజు ఒకావిడ పెళ్ళిబట్టలాంటి మెరుపుల గౌను తెచ్చి కౌంటరు మీద పెట్టింది. లోపలికి చూసి, చొక్కా చూసి, చొక్కా కింద అమ్మని చూసి, "ఇది ఆవిడ చేతికి మాత్రం ఇవ్వకండి" అంది. "అబ్బే, ఇవ్వనండి" అన్నాడు యజమాని, ఏదో మర్యాద చేస్తున్నట్టు. అమ్మ తలెత్తలేదు. తువ్వాలు మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ అదే మడత పెట్టింది.

నాకు ఆలోచన వచ్చాక పని చెయ్యడం ఉండదు. చేశాక ఆలోచన వస్తుంది. స్టూలు ఎక్కడం, చొక్కా లాగడం, తొడుక్కోవడం, మూడూ అయ్యాక గాని అమ్మ "ఒసేయ్" అనలేదు. అది నాకు మోకాళ్ళ దాకా వచ్చింది. చేతులు రెండూ కిందికి వేలాడుతున్నాయి. అలాగే చెక్క అడ్డం దూకి వీధి గుమ్మంలోకి వెళ్ళి, వీపు లోపలికి తిప్పి నిలబడ్డాను.

"ఇప్పుడు ఇది అమ్మ తల మీద లేదు. నా మీద ఉంది. నాకు బల్ల లేదు. కాబట్టి ఎవరిదీ కాదు!" అన్నాను. ఇందులో తప్పెక్కడుందో ఇప్పటికీ ఎవరైనా చూపించమనండి.

గౌనావిడ రెండడుగులు వెనక్కి వేసింది. యజమాని నా వంక చూడనైనా చూడలేదు. అమ్మ వైపు తిరిగి, "చూడమ్మా, నీ కూతురికి బట్టలు లేకపోతే నన్నడగాల్సింది" అన్నాడు మెత్తగా. "ఉన్నచోట పెట్టెయ్. నువ్వే పెట్టు."

అమ్మ వచ్చి నా గుండీలు విప్పింది. చిన్నప్పుడు బడి నుంచి రాగానే విప్పినట్టే, పైనుంచి కిందికి. చొక్కా హ్యాంగరుకి తగిలించి స్టూలు ఎక్కింది. పగిలిన మడమలు రెండూ నా కళ్ళెదురుగా ఉన్నాయి. మేకు అందక మునివేళ్ళ మీద లేచింది. "వీపు ఇటు" అన్నాడు యజమాని. అమ్మ చొక్కా తిప్పింది. దిగి, "క్షమించండి సార్" అంది.

అమ్మతో ఆ పని నేనే చేయించాను. ఆ ముక్క లోపల ఎక్కడో గుచ్చుకుని ఇక ఊడి రాలేదు. ఏడుపొస్తే ఏడవకుండా బుట్టని తన్నాను.

సాయంత్రం ఇంటికొచ్చాక అమ్మ గిన్నెలు కడుగుతుంటే పక్కన నిలబడ్డాను.

"నువ్వు కాల్చలేదు కదా?"

అమ్మ ఇంకో గిన్నె అందుకుంది.

"అది ఎప్పుడు కాలింది?"

"నువ్వు కొరికిన రోజు" అంది అమ్మ.

"పొద్దునా, మధ్యాహ్నమా?"

"మధ్యాహ్నం. నీకెందుకే ఇవన్నీ?"

"మధ్యాహ్నం నువ్వు మా బడిలో ఉన్నావు కదా!" అని అరిచాను. "హెడ్మాస్టరు పళ్ళ గురించి అడుగుతుంటే నువ్వు అక్కడే కదా ఉన్నావు!"

అమ్మ కుళాయి ఇంకా గట్టిగా తిప్పింది. నీళ్ళు గిన్నెలో పడి ఇద్దరి మీదా చిమ్మాయి. "ఈ మాట ఇక్కడితో ఆపెయ్" అంది. అమ్మ గొంతు ఎప్పుడూ అలా వినలేదు, అందుకే ఆపాను. కాని ఆపింది నోరే. ఇస్త్రీ చేసే చేతులు అక్కడ రెండు జతలే ఉన్నాయి. ఒక జత బడిలో ఉంటే రెండో జత ఎవరిదో తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

మూడో రోజు అమ్మ వెనక గదిలోకి తడి దుప్పట్లు తేవడానికి వెళ్ళగానే పెద్దమ్మ బల్ల ముందు నిలబడ్డాను. బాగా కడిగెయ్యాలనుకున్నాను. దొంగ, పిరికిది, ఇంకా చాలా మాటలు దారిలోనే ఏరుకుని పెట్టుకున్నాను. పెద్దమ్మ ఇస్త్రీ పెట్టె పైకెత్తి చెంప దగ్గరగా పెట్టుకుంది. వేడి చెంపకి తగిలాక దించింది. పెట్టె మీద చిన్న ఎర్ర దీపం ఉంటుంది, వేడి సరిపోగానే ఆరిపోతుంది. ఎవరైనా దాన్ని చూస్తారు. పెద్దమ్మ దాన్ని చూడటం లేదు.

"నీకు దీపం కనిపించదా?" అన్నాను. ఏరుకున్న మాటలన్నీ ఎటు పోయాయో తెలియదు.

పెద్దమ్మ అటూ ఇటూ చూసింది. "మెల్లగా మాట్లాడవే తల్లీ" అంది. "మసగ్గా కనిపిస్తుంది. తెల్లబట్ట మీద మచ్చ పడుతున్నా తెలీలేదు, వాసనొచ్చాకే తెలిసింది. ఆయన బయటికెళ్ళాడు, మీ అమ్మా లేదు, ఆ చొక్కా మధ్యాహ్నానికి ఇచ్చెయ్యాలి, తనకి మాట రాకూడదని మీ అమ్మ బల్ల దగ్గర నుంచుని నేనే మొదలెట్టా. సాయం చేద్దామని పోయి కొంప ముంచా."

"మరి చెప్పొచ్చు కదా!"

"చెప్పడానికే వెళ్ళానే. మీ అమ్మే నా చెయ్యి పట్టుకుని ఆపింది. కిందటేడు నేనొకటి కాల్చినప్పుడు ఇంకోటి కాలిస్తే ఇంటికే అన్నాడాయన. ఈ కళ్ళతో నాకింకెవరు పనిస్తారు? 'నీ తల మీద ఉంటే నువ్వు ఇంటికి పోతావు, నా తల మీద ఉంటే నేను దుప్పట్లు చేస్తాను, అంతే కదక్కా' అంది మీ అమ్మ." పెద్దమ్మ తడిగుడ్డతోనే కళ్ళు ఒత్తుకుంది. "నువ్వు ఎవరితోనూ అనకే. అంటే నేనేమీ అనుకోను, కాని అనకు."

నాకు కోపం పోలేదు. పెద్దమ్మ మీద పోయింది, అంతే. ఆ మేకు మీదికి తిరిగింది, ఆ మెత్తటి గొంతు మీదికి తిరిగింది. చొక్కా దిగాలంటే ఇంకొకటి ఎక్కాలి. పెద్దమ్మ బల్ల మీద కాలకూడదు. అమ్మ బల్ల మీద కాలితే మళ్ళీ అమ్మ నెత్తికే. మరి ఆ షాపులో ఇంకో బల్ల ఏది?

కౌంటరు.

యజమాని కోటు కౌంటరు వెనక కుర్చీకి తగిలించి ఉంది. బూడిదరంగు ఉన్ని కోటు. పొద్దున్న వస్తూనే విప్పి, దుమ్ము దులిపి, భుజాలు కుర్చీకి సరిగ్గా అమరేలా తగిలిస్తాడు. ఇప్పుడాయన వీధిలో హోటలు బండి దగ్గర మూటలు దింపించుకుంటున్నాడు. ఆటలో గీత దాటితే ఎవరైనా అవుటే. గీత గీసినవాడు దాటినా అవుటే. ఇది చిన్నపిల్లలకి కూడా తెలుసు. కాబట్టి ఆయన కోటు ఆయన బల్ల మీద కాలితే, ఆయనే దాన్ని ఆయన తల మీద తగిలించుకుంటాడు. అమ్మ తల మీది చొక్కా దిగిపోతుంది. ఆ క్షణంలో నాకు ఇంతకన్నా న్యాయమైన పని ఈ భూమి మీద ఇంకొకటి కనిపించలేదు.

అమ్మ పెట్టె ప్లగ్గు పీకి పరుగెత్తాను. కోటు కౌంటరు మీద వీపు పైకి పరిచి, చక్కగా ముడతలు సరిచేసి, నడిమధ్యన పెట్టె ఆనించి రెండు చేతులతో నొక్కాను. జుట్టు కాలిన వాసన వేసింది. పొగ లేచింది. తీసి చూస్తే అచ్చు కుదురుగా పడింది. అమ్మ కూతురిని కదా, చెయ్యి వంకర పోలేదు.

"అయ్యో, అయ్యో" అంటోంది ఎవరో. తలెత్తితే నిన్నటి గౌనావిడ, గౌను తీసుకెళ్ళడానికి వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. ఆవిడ వెనకే యజమాని.

ఆయన కోటు చూశాడు, నన్ను చూశాడు. అప్పుడు కూడా గొంతు లేవలేదు.

"ఎవరు చేశారిది?"

"నేనే" అన్నాను. "మీ బల్ల మీదే కాలింది. ఇక అమ్మ చొక్కా దించండి. ఇది మీ తల మీద పెట్టుకోండి."

ఆయన నవ్వాడు. అక్కడ నాకు మొదటిసారి భయమేసింది. అరిస్తే ఎలా అరవాలో నాకు తెలుసు. నవ్వితే ఏం చెయ్యాలో తెలియదు.

అమ్మ దుప్పట్ల మూటతో వచ్చి బల్లల దగ్గర ఆగిపోయింది. "చూడమ్మా" అన్నాడాయన. "పిల్ల చేసిందానికి పెద్దదాన్ని అనడం నాకిష్టం లేదు. కాని ఈ పిల్లకి ఇంత పొగరు ఎక్కడిదో నాకు అర్థమైంది. ఆ చొక్కా కాల్చింది నేనేనని నువ్వు ఒక్కసారైనా నోరు తెరిచి అనలేదు. ఊరుకున్నావు. నువ్వు ఊరుకున్నావు కాబట్టే ఇది ఇంత దాకా వచ్చింది. ఇప్పుడు అను. ఈవిడ ముందు, పిల్ల ముందు. నేనే కాల్చాను, తప్పయింది అను. పిల్లతో కూడా అనిపించు. కోటు సంగతి మర్చిపోతాను."

పెద్దమ్మ చేతులు బల్ల మీద ఆగిపోయాయి.

నా నోట్లో మాట తయారుగా ఉంది. పెద్దమ్మ కాల్చింది. రెండే మాటలు. అంటే అమ్మ తప్పు లేదని తేలుతుంది, చొక్కా దిగుతుంది, అంతా అయిపోతుంది. నాకు నాలుక మీదికి వచ్చిన మాట ఆగిన రోజు పుట్టినప్పటి నుంచీ లేదు. పళ్ళు బిగించాను. కింది పెదవి పళ్ళ మధ్యకి వచ్చింది, దాన్నే కొరికాను. ఉప్పగా తగిలింది. అయినా తెరవలేదు.

పెద్దమ్మే నోరు తెరిచింది. "సార్, ఆ చొక్కా..."

"అక్కా" అంది అమ్మ. "ఈ దుప్పట్లు ఆరిపోతున్నాయి. కాస్త అందుకో."

మూట పెద్దమ్మ చేతుల్లో పెట్టింది. పెట్టి స్టూలు ఎక్కింది. చొక్కా దింపింది. దాన్ని తన బల్ల మీద వేసి, గుండీలు పెట్టి, చేతులు వెనక్కి మడిచి, కొట్లో కొత్త చొక్కా మడిచినంత ముచ్చటగా మడత పెట్టింది. ఆ మడత తెచ్చి కౌంటరు మీద పెట్టింది. అందరం అమ్మ "క్షమించండి" అంటుందనే చూస్తున్నాం. నేనైతే చెవులు మూసుకోవడానికి సిద్ధంగా ఉన్నాను.

అమ్మ కోటు చేతిలోకి తీసుకుంది. హ్యాంగరుకి వేసి భుజాలు అమర్చింది. కాలరు నిలబెట్టి, మీద పడ్డ దూది పీచు ఒకటి గోటితో తీసేసింది. కౌంటరు వెనక గోడకి క్యాలెండరు ఉంది. దాన్ని తీసి పక్కన పెట్టి, ఆ మేకుకి కోటు తగిలించింది. వీపు ఇటు.

"మీ బల్ల మీద కాలింది సార్" అంది. "రూలు మీదే."

గౌనావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకోవడానికో మరెందుకో తెలియదు. యజమాని వెనక్కి తిరిగి కోటు చూశాడు. తన నెత్తి మీద సరిగ్గా కుదిరింది. ఆయన మెడ ఎర్రబడింది, చెవులు ఎర్రబడ్డాయి, గొంతు మొదటిసారి లేచింది.

"బయటికి పో! ఇద్దరూ! మళ్ళీ ఈ గుమ్మం తొక్కారంటే చూడండి!"

మిషన్ల మోతలో కూడా ఆ అరుపు వీధి దాకా వినిపించింది. హోటలు బండివాడు తొంగి చూశాడు.

"సరే సార్" అంది అమ్మ. అన్నం డబ్బా సంచి తీసుకుంది. తన తడిగుడ్డ పిండి, మడిచి సంచిలో పెట్టుకుంది. పెద్దమ్మ దగ్గర ఆగి, "కాలరు కొనల నుంచి మధ్యకి అక్కా, తొందరపడకు" అంది. పెద్దమ్మ మూట దించింది. అమ్మ చెయ్యి పట్టుకుని వదిలేసింది.

వీధిలో అమ్మ నడవలేదు, దాదాపు పరుగెత్తింది. నేను వెనక పడ్డాను. ఎప్పుడూ నేను ముందు, అమ్మ వెనక. ఇలా అమ్మ వీపు చూస్తూ నడవడం నాకు కొత్త. రేపటి నుంచి అమ్మకి పని లేదన్న సంగతి అప్పుడే నాకు తట్టింది. ఒట్టు, అంతకు ముందు తట్టలేదు. చొక్కా దిగుతుందనుకున్నాను, అంతే. అమ్మ కూడా దిగిపోవాల్సి వస్తుందని అనుకోలేదు.

బస్టాపు బల్ల మీద అమ్మ ధబాలున కూర్చుంది. సంచి ఒళ్ళో పెట్టుకుంది. చేతులు వణుకుతున్నాయి. వాటిని ఎవరివో అన్నట్టు చూసుకుంది. ఒకదాన్ని రెండోదానితో పట్టుకుంది, రెండూ కలిసి వణికాయి.

"అమ్మా" అన్నాను. "పెద్దమ్మ పేరు చెప్పేద్దామనుకున్నా. చెప్పలేదు."

"చూశాను" అంది అమ్మ. నా పెదవి మీద నెత్తురు కొంగుతో తుడిచింది.

ఒక బస్సు వచ్చి ఆగి, మేం ఎక్కకపోవడం చూసి వెళ్ళిపోయింది.

"నేనేం చేశానే?" అంది అమ్మ హఠాత్తుగా. నా వైపు తిరిగింది. కళ్ళు ఇంతలేసి చేసుకుంది. "ఆయన కోటు ఆయన నెత్తి మీదే... నాకేమైందే? చెయ్యి దానంతటదే వెళ్ళిపోయింది. గుండె చూడు ఎలా కొట్టుకుంటోందో. ఇప్పుడు ఏం చేస్తాం? నేనేం చేశానే?"

ఈ సంగతుల్లో అమ్మకేమీ తెలియదు. నాకు తెలుసు. నేను పక్కన కూర్చుని ఆ రెండు చేతులూ నా చేతుల్లోకి తీసుకున్నాను.

"ఏం కాదులే అమ్మా" అన్నాను. "మొదటిసారి అలాగే ఉంటుంది. ఊపిరి మెల్లగా తీసుకో. ముందు వణుకు తగ్గుతుంది."